బావి గిర్జా తాళంచెవి

తాళంచెవి గోడలోంచి వచ్చింది.

అరవై నాలుగేళ్ళ బతుకులో ముష్తాక్ ఇలాంటిది చూడలేదు. గోడలో నిలువుగా పీపాలాంటి చెక్కపెట్టె బిగించి ఉంది. ఒక వైపు తొలిచి అర చేశారు, మిగతా మూడు వైపులా మూసేశారు. అవతల ఎవరో తిప్పారు. ఇరుసు కిర్రుమంది. మూసి ఉన్న వీపు పక్కకు జరిగి, తెరిచి ఉన్న అర ఇటు తిరిగింది. అరలో జానెడు పొడవున్న ఇనుప తాళంచెవి, దాని పక్కన చిన్న ఇత్తడి చేతిగంట. ఇచ్చిన మనిషి వేలి కొస కూడా కనిపించలేదు.

"తీసుకోండి భాయ్," అంది సుజన. పాత కట్టడాల మరమ్మతు చూసే ఇంజనీరు ఆమె. ముష్తాక్‌ను ఈ పనికి పిలిపించింది ఆమే. "అది పనివాళ్ళ తలుపు తాళంచెవి. లోపలికి పోతూ ఈ గంట కొట్టాలి. ఆ చప్పుడు విని సిస్టర్ గదిలోకి వెళ్ళిపోతారు. బయటికి వచ్చేటప్పుడు రెండుసార్లు కొడితే మళ్ళీ వస్తారు. సాయంత్రం రెండూ ఈ పెట్టెలోనే పెట్టి తిప్పేయండి."

"పర్దా అన్నట్టు."

"అట్లాంటిదే. మఠంలోకి అడుగుపెట్టిన సిస్టర్ ఇక బయటివాళ్ళకు కనిపించకూడదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి నియమం."

ముష్తాక్‌కు వేరే విడమరిచి చెప్పనక్కరలేదు. నవాబుల కాలపు దేవిడీల్లో, ఆ పెద్ద హవేలీల్లో, ఆడవాళ్ళుండే జనానా గోడలకు గచ్చు వేసిన వంశం అతనిది. పెట్టెకు ముఖం పక్కకు తిప్పి నిలబడి, "సలాం అమ్మా. నా పేరు ముష్తాక్. గచ్చు పనికి వచ్చిన," అన్నాడు.

అవతల నుంచి చెక్క మీద ఒక్కసారి టక్ మన్న చప్పుడు.

"ఒకసారి తడితే ఔను, రెండుసార్లు తడితే కాదు," అంది సుజన. "ఇదివరకు సిస్టర్ ఆగ్నెస్ రెండు మాటలైనా మాట్లాడేవారు. మూడు వారాల నుంచి అదీ లేదు. మౌనవ్రతం పట్టారేమో."

పురానాపూల్ దాటాక వెదురు దుకాణాల వెనక సందులో ఉంటుంది ఆ చర్చి. కాగితాల మీద పునీత ఫ్రాన్సిస్ దేవాలయం. బస్తీ వాళ్ళకు బావి గిర్జా. లోపలి మఠంలో నాలుగు వైపులా వరండాలు, నడుమ ఖాళీ జాగా, ఆ జాగాలో ఒక బావి. మూసీ వరద వచ్చిన ఏడాది ఎక్కడిదాకా మునిగిందో చెప్పే మరక చర్చి గోడ మీద మనిషెత్తున ఇంకా ఉంది.

సుజన ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. ఇటలీలో ఏదో కొండ మీది ఊరు. అచ్చం ఇలాంటిదే చర్చి, ఇలాంటిదే మఠం, రాతితో.

"దీన్ని కట్టించిన పాదిరిది ఆ ఊరు. చిన్నప్పుడు చూసిన గుడిని గుర్తు పెట్టుకుని ఇక్కడ గీయించాడు. గమనించారా, గోపురం లేదు. పేదరికం పాటించే సాధువులు కదా, గోపురాలు కట్టొద్దని వాళ్ళ నియమం. గోడ పైన కన్నం పెట్టి అందులో గంట వేలాడదీశారంతే. పైకప్పు కూడా కర్రదే. పూజాపీఠం మీద మాత్రం రాతి కమాను."

"గరీబోళ్ళ గిర్జా," అన్నాడు ముష్తాక్. అతనికి నచ్చింది. తల ఎత్తి చూస్తే కమాను కింద, స్తంభం మూలన, అరచేతిలో పట్టేంత దానిమ్మ మొగ్గ గచ్చుతో చేసి ఉంది. ఆ మొగ్గ ఇటలీది కాదు. అది ఈ బస్తీ చెయ్యి. పాదిరి చూడనప్పుడు ఎవరో పెట్టేశాడు.

"ఆ ఊరి మఠానికేమైంది మేడమ్?"

"చాలా అయింది. ఓ రాజు సిస్టర్లను వెళ్ళగొట్టి సిపాయిలను దించాడు. వరండాల్లో గుర్రాలు కట్టేశారు. చిత్రమేమిటంటే మఠం ఖాళీ అయ్యాక కూడా నాలుగేళ్ళు గంట మోగుతూనే ఉందట."

"ఎవరు కొట్టిండ్రు?"

"అది పుస్తకంలో లేదు."

అప్పుడే స్కూటర్ ఆగిన చప్పుడైంది. చర్చి కమిటీ సెక్రటరీ ప్రేమ్‌రాజ్ వచ్చాడు. కరెంటు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, చొక్కా జేబులో ఇప్పటికీ టెస్టర్ ఉంటుంది.

"ముష్తాక్ భాయ్, గచ్చు గట్టిగ వెయ్యి. రేపు మూడు వందల మంది నడుస్తరు."

"మూడు వందల మందా? ఉండేది ఒక్క అమ్మ కదా సాబ్."

"ఆమెకు ఎనబై రెండు. ఇంకెన్ని దినాలు? ఆమె ఉన్నదాంక గడప దాటం. అది మాట. ఆమె పోయిన తెల్లారి ఇది ఫంక్షన్ హాలు. మనోళ్ళు పెండ్లికి హాలు దొరకక ఊరవతలి దాంక ఉరుకుతున్నరు." పెట్టె వైపు చూసి గొంతు తగ్గించాడు. "వంటామె కృష్ణమ్మను క్రిస్మస్‌కే తీసేసినం. ఒక్క మనిషికి వంటమనిషి ఏంది? ముప్పై ఏండ్లు చేసింది అంటరు. చేస్తె? ఊరికి పొమ్మన్నం, పోయింది."

ముష్తాక్ తాళంచెవి బరువు అరచేతిలో తూచి చూసుకున్నాడు.

*

పని మొదలైంది. గానుగలో నూరిన సున్నం, సన్నటి ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు. తొందరపడితే ఆ గచ్చు మాట వినదు. ముష్తాక్ మోకాళ్ళ కింద గోనెపట్ట వేసుకుని, తాపీతో జానెడు జానెడుగా జరుగుతూ పోయేవాడు. పగుళ్ళను గీకి, తడిపి, నింపి, చెక్కతో అదిమేవాడు. సాయం ఎవరినీ తెచ్చుకోలేదు. ఈ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు పురానాపూల్ అంతటిలో అతనొక్కడే.

ఒక మూల వంటిల్లు. ఎదురు మూల, చర్చి గోడను ఆనుకుని, పైన కన్నంలోని గంటకు కట్టిన తాడు. తాడు పక్కనే పనివాళ్ళ తలుపు. సిస్టర్ గది తూర్పు వరండా చివర.

పన్నెండు గంటలకు ముందు అతను చేతిగంట రెండుసార్లు కొట్టి బయటికి వచ్చేసేవాడు. తర్వాత పెద్ద గంట మోగేది. మూడు దెబ్బలు, ఆగి మూడు, ఆగి మూడు, చివరికి వరసగా తొమ్మిది. మొదటి రోజే అతని చెవి ఆ లెక్క పట్టేసింది.

గంట ఆగాక పెట్టె తిరిగేది. అరలో స్టీలు గ్లాసు నిండా చాయ్, దాని మీద మూత, మూత మీద రెండు ఉస్మానియా బిస్కెట్లు.

మొదటి రోజు చాయ్ తాగి, గ్లాసు కడిగి అరలో పెట్టి, "చక్కెర మస్తు మంచిగున్నది అమ్మా," అన్నాడు.

టక్.

చాయ్ గురించి ఒకరితో మాట్లాడి ఏడాదిన్నరైంది. ఇంట్లో స్టవ్ ముట్టించడమే మానేశాడు. పొద్దున ఇరానీ హోటల్లో, రాత్రి బండి దగ్గర. కొడుకు షాబాజ్, కోడలు నౌరీన్ సంతోష్‌నగర్‌లో ఉంటారు. జుమ్మాకు జుమ్మా, శుక్రవారం శుక్రవారం, ఫోన్ చేస్తారు, తిన్నావా అంటారు, తిన్న అంటాడు. ఫోన్ పెట్టేశాక గదిలో ఫ్యాన్ చప్పుడొక్కటే మిగులుతుంది.

రెండో రోజు పెట్టె పక్కన అరుగు మీద చతికిలబడి, వీధి వైపు ముఖం పెట్టుకుని చాలాసేపే మాట్లాడాడు. భార్య షౌకత్ బీ సున్నపు చేతులతో అన్నం ముట్టనిచ్చేది కాదని, ముందు కొబ్బరినూనె రాసి గోళ్ళ సందులు తుడిచేదని. ఆమె పోయాక గోళ్ళల్లో సున్నం అట్లనే ఉంటోందని.

"మీ దువాల ఆమె పేరు ఒక్కసారి తీసుకోండ్రి అమ్మా. షౌకత్ బీ. మీ దేవుడు, మా అల్లా, గా లొల్లి నాకు తెల్వది. మీరు సాఫ్ మనిషి. మీ మాట పైకి పోతది."

తర్వాత, మెల్లగా, టక్.

ఆ రోజు పని దిగే ముందు నాలుగు వరండాల్లోనూ సుర్కీ చల్లాడు. ఎర్ర ఇటుకల పొడి. పై పూత పట్టు దొరకడానికి ఒక రాత్రి అలా ఉంచి, పొద్దున ఊడ్చేస్తారు. తాళంచెవి, చేతిగంట పెట్టెలో పెట్టి తిప్పాడు. చాయ్ గ్లాసు కడిగి పెట్టడం మరచిపోయానని పురానాపూల్ వంతెన మీద గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి మరీ కడిగాడు. ఇంటికి పోవలసిన తొందర ఏముంది గనక.

*

మూడో రోజు పొద్దున చేతిగంట కొట్టుకుంటూ లోపలికి వచ్చి, చీపురు పట్టుకున్నవాడు అలాగే నిలబడిపోయాడు.

ఎర్రపొడి మీద అడుగులు.

అడుగులు ఉంటాయి. ఉండాలి కూడా. మనిషి తిరిగే ఇల్లు. కానీ ముష్తాక్ నలభై ఏళ్ళుగా నేలలను చదివినవాడు. వంగి చూశాడు. చెప్పుల్లేని పాదాలు. వెడల్పు మడమ, పగుళ్ళు కూడా పడ్డాయి. రెండో వేలి దగ్గర సన్నటి గుండ్రటి గీత. రెండు పాదాలకూ.

మెట్టెలు.

సన్యాసం పుచ్చుకున్న మనిషికి మెట్టెలేంటి?

అడుగుల వెంట నడిచాడు. వంటింటి నుంచి గంట తాడు దగ్గరికి, తాడు నుంచి వంటింటికి. వంటింటి నుంచి తిరుగుడు పెట్టె దగ్గరికి, అక్కడి నుంచి మళ్ళీ వంటింటికి. అంతే. ఇంకో జత పాదాలు ఎక్కడా లేవు. తూర్పు వరండా మొత్తం తను చల్లింది చల్లినట్టే ఉంది. సిస్టర్ గది గడప ముందు పొడి మీద పిచ్చుక గోళ్ళ గుర్తులు తప్ప ఏమీ లేవు.

సిస్టర్ లేదు. మూడు వారాలుగా మౌనవ్రతం పట్టింది సిస్టర్ కాదు. ఊరికి పంపేశామన్న వంటామె, నోరు విప్పితే పట్టుబడతానని, చెక్క మీద తట్టి జవాబిస్తోంది. సిస్టర్ పోయిన తెల్లారే ఫంక్షన్ హాలు అని సెక్రటరీ అన్న మాట పెట్టెకు ఆవల ఎవరు విన్నారో ఇప్పుడు తెలిసింది. గంట ఒక్క పూట ఆగితే కృష్ణమ్మ వీధిలో ఉంటుంది.

ముందు సిగ్గేసింది. రెండు రోజులుగా ఎవరికి చెప్పుకున్నాడు తన గోడు? గోళ్ళ సంగతి, కొబ్బరినూనె సంగతి? చెవుల దాకా వేడెక్కింది. మహాసాధ్వి అనుకుని దువా అడిగింది ఒక వంటామెనా?

వంటింటి తలుపు మూసి ఉంది. నేల చూశాడని ఆమెకూ తెలిసి ఉంటుంది.

ముష్తాక్ చీపురు అందుకుని, వంటింటి గడప దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అడుగూ ఊడ్చేశాడు. మొత్తం పొడి తట్టలోకి ఎత్తి బావి పక్కన పారబోశాడు. తర్వాత నీళ్ళు చిలకరించి పై పూత మొదలుపెట్టాడు. వంటింటి నుంచి తాడు దాకా గోడ వెంబడి మూరెడు వెడల్పు దారి వదిలేశాడు. దాన్ని ఆఖరున వేస్తాడు.

మధ్యాహ్నం చాయ్ ఆలస్యంగా వచ్చింది. ఈసారి ఒకటే బిస్కెట్టు. చాయ్ మూత మీదికి ఒలికింది.

ముష్తాక్ గ్లాసు అందుకుని ఎప్పటిలాగే వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

"నిన్న ఒక పేరు చెప్పిన. షౌకత్ బీ. దువాల తీసుకుంటున్నరా అమ్మా?"

వెదురు బండి ఒకటి సందులోంచి గలగలలాడుతూ పోయింది. అది మలుపు తిరిగాక వినిపించింది.

టక్.

"మంచిది," అన్నాడు. "రోజూ తీసుకోండ్రి."

*

నాలుగో రోజు ఆఖరి రోజు. వదిలిన దారి కూడా పూసేసి, తడి ఆరేలోపు గులకరాయితో రుద్ది నునుపు తేవాలి. దారి పూసినా పలక పరిచి పెడితే ఆమె నడవొచ్చని పలక కూడా తెచ్చుకున్నాడు. పన్నెండుకు పది నిమిషాలుందనగా పనివాళ్ళ తలుపు దబదబమంది. చేతిగంట రెండుసార్లు కొట్టి బయటికి వచ్చాడు.

బయట ప్రేమ్‌రాజ్. అతని పక్కన సంచి భుజాన వేసుకుని తాళాలు బాగుచేసే కొండల్.

"భాయ్, లోపల ఎవరున్నరు?"

"సాబ్?"

"కూరగాయల బేబీ చెప్పింది. మూడు వారాల కింద తెల్లారుజామున వ్యాన్ వచ్చిందట. తెల్లబట్టల ముసలామెను పట్టుకొని ఎక్కించిండ్రట. నాకు ఇయ్యాల చెప్తది. మరి గంట కొట్టేదెవరు? దయ్యమా?"

"నాకేం తెల్సు సాబ్."

"నాలుగు దినాల నుంచి లోపలనే ఉన్నవ్. ఆమెను చూసినవా లేదా?"

"పర్దా ఇండ్లల్ల పని చేసినోన్ని. నేలను చూస్త, గోడను చూస్త. మనుషులను చూడను." అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నిజంగానే ఆ మనిషి ముఖం అతనికి తెలియదు.

"తాళంచెవి ఇటియ్యి."

"అది నాది కాదు సాబ్. అమానత్, నమ్మి ఇచ్చింది. ఏ పెట్టెల నుంచి వచ్చిందో గా పెట్టెలకే పోతది."

కొండల్ నవ్వాడు. "గీ తాళానికి చెవి ఎందుకు సార్? రెండు నిమిషాలు."

ప్రేమ్‌రాజ్ అతన్ని చేత్తో ఆపాడు. తలుపు వైపు, గడప వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి ఆ గడప దాటనివాడు.

"తొందరపడి తప్పు చెయ్యను. పన్నెండుకు గంట మోగాలె. మోగితే సిస్టర్ ఉన్నట్టు, నేను దండం పెట్టి పోత. మోగకపోతే కొండల్ తలుపు తీస్తడు. లోపల ఎవరున్నా సామాను సందుల పడేస్త."

"గట్లనే సాబ్. నా పూత ఆరిపోతున్నది. గాలి తగల్తే పగుల్తది, తలుపు ఏసుకుంట."

అలవాటుగా చేతిగంట కొట్టుకుంటూ లోపలికి వచ్చి, తాళం వేసుకున్నాడు. వేసుకున్నాక తెలిసింది ఎంత పని చేశాడో.

వరండా నడుమ దాకా వచ్చిన మనిషి ఆ చేతిగంట విని వెనక్కి పరుగెత్తింది. నీలం చీర కొంగు వంటింటి తలుపు సందున మాయమవడం కనిపించింది. తలుపు పడింది.

అతను లోపల ఉన్నంతసేపూ ఆమె బయటికి రాదు. అతను బయటికి పోలేడు. పోతే, పూత ఆరిపోతోందని తలుపేసుకున్నవాడు వెంటనే ఎందుకొచ్చాడని గుమ్మంలో ప్రేమ్‌రాజ్ అనుమానపడతాడు. ఊరికే రెండుసార్లు చేతిగంట కొట్టి మూలన నక్కుదామంటే, ఆ చప్పుడు బయటికి వినిపిస్తుంది, ఇంకా రాడేమని తలుపు తడతారు. నోరు తెరిచి పిలిస్తే ఆ మాటను చెక్క తలుపు ఆపదు. తన అదబే, ఆ మర్యాదే, ఆమెను బంధించింది.

ఫోన్ తీసి చూశాడు. పన్నెండుకు రెండు నిమిషాలు.

వంటింటి తలుపు కింద సందులో రెండు పాదాలు. వేళ్ళ దగ్గర వెండి మెరిసింది. అవి ముందుకు రావడం లేదు, వెనక్కి పోవడం లేదు.

బయట కొండల్ సంచిలోంచి ఇనుప సామాను నేల మీద పెట్టిన చప్పుడు.

ముష్తాక్ చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తుడిచినా పోదు ఆ సున్నం. వెళ్ళి తాడు ముందు నిలబడ్డాడు. ఛాతీ ఎత్తున తాడు నల్లగా, నునుపుగా ఉంది. ఎన్నెన్నో చేతులు అక్కడే పట్టుకున్నాయి. అతనూ అక్కడే పట్టుకున్నాడు.

బిస్మిల్లా అని లాగాడు.

ఒకటి. అనుకున్నంత బరువు లేదు. రెండు. మూడు. ఆగాడు. ఎంతసేపు ఆగాలి? అరుగు మీద కూర్చుని చాయ్ కోసం చూసినంతసేపు. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. పావురాలు కప్పు మీంచి లేచి బావి చుట్టూ తిరిగాయి. ఆఖరికి తొమ్మిది. లెక్క పెదాల మీదే ఉంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. వదిలేశాడు. కానీ ఊపు మీద ఉన్న గంట తాడును పైకి గుంజుకుని, తనంతట తనే ఇంకొక్కసారి మోగింది.

పది.

ముష్తాక్ తాడును రెండు చేతులా వాటేసుకుని నిలబడ్డాడు.

తలుపు అవతల ఇనుప సామాను గలగలమంది.

"ఒకటి ఎక్కువైంది సార్," అన్నాడు కొండల్.

"ముసలిది కదరా. లెక్క తప్పుతది." ప్రేమ్‌రాజ్ గొంతులో కోపం లేదు. "ఉన్నది. మా అమ్మ నన్ను సంకన ఏసుకొని వచ్చినప్పటి నుంచి కొడ్తనే ఉన్నది." కాసేపటికి స్కూటర్ చప్పుడు సందు చివర సద్దుమణిగింది.

గచ్చు పని చేసుకునే ముసల్మాను గిర్జా గంట కొట్టి ఉంటాడని ఆ ఇద్దరికీ కలలోనైనా తట్టదు.

ముష్తాక్ వంటింటి వైపు చూడకుండా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, గులకరాయి అందుకుని రుద్దడం మొదలుపెట్టాడు. పూత కాస్త ఆరిపోయింది. రెండింతలు రుద్దాల్సి వచ్చింది.

*

సాయంత్రం తాళంచెవి, చేతిగంట కడిగి తుడిచి అరలో పెట్టాడు. పెట్టె తిప్పాడు. ఇక ఇక్కడికి వచ్చే పని లేదు. అరుగు మీది గోనెపట్ట మడిచి చంకన పెట్టుకున్నాడు.

"ఆఖర్న తొమ్మిదే భాయ్. నువ్వు పది కొట్టినవ్."

గోడలోంచి మాట. సన్నటి, బొంగురు గొంతు. చాలా రోజులు వాడని గొంతు. ముష్తాక్ వీధి వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"తాడు ఆగలేదమ్మా."

"అది గట్లనే చేస్తది. తొమ్మిదో దెబ్బకు చెయ్యి జర బిగవట్టాలె. నాకు నేర్వనీకె ఏడాది పట్టింది."

ముష్తాక్ గోనెపట్ట మళ్ళీ అరుగు మీద పెట్టాడు.

"సిస్టరమ్మ?" అన్నాడు.

"బెంగుళూరుల ఉన్నది. కండ్ల ఆపరేషన్. నిన్న ఫోన్ చేసింది, ఇంకో పదిహేను దినాలట. నేనొచ్చేదాంక గంట ఆగొద్దు కృష్ణమ్మా అని చెప్పి పోయింది. వస్త అన్నది." చివరి మాట దగ్గర గొంతు తగ్గింది. "వస్తది."

"పర్వా లేదు. గచ్చు కూడ పదిహేను దినాలు రోజూ తడపాలె. లేకపోతే నెర్రెలు పడ్తది."

"ఎవరు తడుపుతరు?"

ముష్తాక్ గోళ్ళ సందుల్లో సున్నం చూసుకున్నాడు.

ఇరుసు కిర్రుమంది. అర మెల్లగా ఇటు తిరిగింది. అందులో చాయ్ గ్లాసు, పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనె. గిన్నె పక్కన అతను ఇప్పుడే పెట్టిన తాళంచెవి, పెట్టినట్టే ఉంది.

ఆమెను దాక్కోమనే చేతిగంట మాత్రం లేదు.